కొలువునకు కొలత – కాయక సిద్ధాంతమున ఒక విచారము

కాయకము అను మాటను మన ఇండ్లలో పిల్లలు పలుకు నేర్చిన నాటినుండియు వినుచుందురు. కాయము అనగా శరీరము. శరీరము వంచి చేయు శ్రమ కాయకము. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడును, ఆయనతో కూడిన శరణులును ఈ చిన్న మాటలో ఒక పెద్ద మార్పును నింపిరి. పని చేయక తినుట దోషమనిరి. పనులలో ఎక్కువ తక్కువలు లేవనిరి. చెప్పులు కుట్టువాడును, బట్టలుదుకువాడును, పడవ నడుపువాడును, మంత్రి పదవిలో నున్నవాడును ఒక్కచోట కూర్చుండి శివానుభవమును చర్చించిరి. ఇంతవరకు ఈ పత్రిక చదువరులకు తెలియని విషయము లేదు. ఇప్పుడు విచారింపదలచినది దాని ప్రక్కనున్న ప్రశ్న. కాయకమునకు మేర కలదా? కలదేని ఆ మేరను గీయవలసినవారెవరు? పని చేయించువాడా, చేయువాడా?

ఈ ప్రశ్న గ్రంథములలో నుండి పుట్టినది కాదు. హఫీజ్‌పేట వంటి చోటులనుండి పుట్టినది. 1998 నవంబరు 22న మాధాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగినవి. అప్పటినుండి శేరిలింగంపల్లి మండలములోని ఈ పాత ఊరు ఊరుగా మిగులలేదు. దీని తరువాతి స్టేషను పేరే హైటెక్ సిటీ. ఆ పట్టాలే రెండవ దిక్కున లింగంపల్లి, వికారాబాదు, జహీరాబాదుల మీదుగా బీదరు వరకు పోవును. బసవకల్యాణము ఆ బీదరు జిల్లాలోనిదే. ఆ దిక్కునుండి వచ్చి ఇచ్చట అద్దె ఇండ్లలోనో, అప్పు తెచ్చి కొన్న ఫ్లాట్లలోనో స్థిరపడిన మన కుటుంబములు కొన్ని కలవు. వారి పిల్లలు కంప్యూటరు కొలువులలో నున్నారు. వారి ఇండ్లలో ఈ ప్రశ్న రాత్రి పదకొండు గంటలకు పుట్టుచున్నది.

ఒక యువకుని ఊహించుకొందము. ఉదయము తొమ్మిదికి లాగిన్ అగును. సాయంకాలము ఏడింటికి పని ముగియును. తొమ్మిదిన్నరకు అమెరికా వారితో మీటింగు. అది పదకొండింటికి ముగిసిన పిమ్మట పై అధికారి వాట్సాపులో ఒక వాక్యము పంపును: “రేపు పొద్దున్నకల్లా అయిపోవాలి.” యువకుడు ఒకనాడు ధైర్యము చేసి, రేపు మధ్యాహ్నమునకు ఇత్తునని బదులు వ్రాసెను. అధికారి “ఓకే” అని రెండక్షరములు పంపి ఊరకుండెను. తగవు లేదు, మందలింపు లేదు. అయినను ఈ పిల్లవానికి నిద్ర పట్టలేదు. తానేదో తప్పు చేసినట్లు, తన వంతు ఎవరిమీదనో మోపినట్లు తెల్లవార్లు పొరలెను. ఉదయము ఇష్టలింగమును అరచేతనుంచుకొని కూర్చున్నప్పుడును కన్ను ఫోను మీదనే యుండెను. ప్రక్క గదిలోని తండ్రి విషయము విని, “వాళ్ల ఉప్పు తింటున్నావు కదా నాయనా, కొంచెం సర్దుకుపోవాలి” అనెను. తండ్రి మంచివాడే. ఆ మాటలో ద్వేషము లేదు. కాని పిల్లవాని అపరాధ భావమునకు వేరు ఆ మాటలోనే యున్నది.

కనుక ముందుగా ఉప్పు సంగతి చూతము. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేయరాదనుట తెలుగువారి పాత నీతి. అది సంస్థానముల నాటిది. ఆకలితో వచ్చినవానికి దొర ముందుగా అన్నము పెట్టెను, ఆ పిమ్మట వాడు కత్తి పట్టెను. అచ్చట అన్నము ముందు, సేవ వెనుక. అందువలన సేవకుడు ఋణస్థుడయ్యెను. నేటి కొలువులో వరుస తారుమారైనది. ఉద్యోగి నెల మొదటి తేదీనుండి చివరి తేదీవరకు పనిచేయును, జీతము ఆ తరువాత వచ్చును. అనగా ఆ ముప్పది దినములును కంపెనీయే ఉద్యోగికి బాకీ పడి యుండును. జీతము చేతబడిన నాడు ఆ బాకీ తీరును. లెక్క సరిపోయినప్పుడు మిగులు ఋణమెక్కడిది? కృతజ్ఞత యుండవచ్చును, ఉండుట మంచిదే. పని నేర్పినవారిపట్ల గౌరవము తప్పక యుండవలెను. కాని కృతజ్ఞత వేరు, తీరని అప్పు వేరు. ఈ రెండును ఒకటిగా కలిసిపోవుట వలననే మన పిల్లలు న్యాయమైన మాట ఒకటి చెప్పి దొంగలవలె తలవంచుకొనుచున్నారు.

ఇక శాస్త్రము తెలిసిన పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు. అది బలమైనది, దానిని దాటవేయరాదు. నులియ చందయ్య కథ వారికి ఆధారము. పదునైదవ శతాబ్దమున కూర్పబడిన శూన్యసంపాదనమను కన్నడ గ్రంథమున ఈ కథ కలదు. చందయ్య గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మగా వచ్చినదానితో జంగమ దాసోహము చేయుచుండెడివాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడెను. ఆయన దానికై ఆగక తన పని తాను చేసికొని పోయెను. లింగమే వెనుక వచ్చెనట. లింగము కన్నను కాయకమే ముందని చందయ్య ఎంచినప్పుడు, రాత్రి పదకొండు గంటల పనిని కాదనుటకు నేటి పిల్లలకు హక్కెక్కడిదని ఆ పెద్దలు అడుగుదురు.

చందయ్యకు పై అధికారి లేడు. ఎంత గడ్డి కోయవలెనో ఆయనయే నిర్ణయించుకొనెను. ఎన్ని త్రాళ్లు చాలునో ఆయనకే తెలియును. దానివలన వచ్చు రొక్కము ఎచ్చటికి పోవునో అదియు ఆయన యెరుగును, అది జంగముల విస్తరికి పోవును. ఆయన లింగముకన్న ముందు నిలిపినది ఒకరి లాభమును కాదు, తన వ్రతమును. ఆ కథనుండి “కాయకము గొప్పది” అను సగము మాత్రము తీసికొని, “ఎవరి కొరకు, ఎంత” అను సగమును వదలివేసినచో కథ తలక్రిందులగును. కాయకమునకు దాసోహము జోడు. రెండు ఎద్దులలో ఒకదానిని విప్పివేసి బండి తోలరాదు.

ఎంత అను ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో మారయ్య, లక్కమ్మల ఇంటికి పోవలెను. ఆ దంపతులు రాయచూరు ప్రాంతమునుండి కల్యాణమునకు వచ్చినవారు. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే ఇంటికిని, జంగములకును వంట. ఒకనాడు ఆయన ప్రతిదినము తెచ్చు కొలతకన్న ఎక్కువ తెచ్చెను. భర్త ఎక్కువ తెచ్చినందుకు లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ దేనికని నిలదీసెను. అది భక్తియా, ఆశయా అని అడిగెను. అదనపు గింజలను తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. మారయ్య పోసి వచ్చెను.

మన ఉపన్యాసములలో ఈ కథను దురాశకు వ్యతిరేకముగా చెప్పి ముగించుట అలవాటు. అది సరియైనదే కాని చాలదు. పని ఎక్కువగుటయే పుణ్యము ఎక్కువగుట కాదని ఈ కథ చెప్పుచున్నది. కాయకమునకు ఒక దినపు కొలత కలదు, ఆ కొలత దాటిన పని కాయకము కాక మరియొకటి అగుచున్నది. ఆ కొలతను చూచుచుండు కన్ను ఇంటిలో నుండవలెను. లక్కమ్మ చదివిన చదువేమో తెలియదు గాని, భర్త సంచి బరువును చేతితో తూచి చెప్పగలిగినది. ఆమె పేర వచనములు నేటికిని నిలిచియున్నవి. నేటి ఇండ్లలో భార్యాభర్తలిరువురును కొలువు చేయుచున్నారు. కొలువు ముగించి వచ్చిన కోడలికి వంటిల్లు రెండవ షిఫ్టు. ఆమె సంచిని తూచువారెవరు? లక్కమ్మ మాటను కోడలికి బోధించుటకు ముందు అత్తమామలును, భర్తయును ఆ సంచిని ఒకసారి చేతబట్టి చూచుట న్యాయము.

పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణమున మడివాలు మాచయ్య కథ కలదు. భక్తుల వస్త్రములను మాత్రమే ఉదుకుదునని ఆయన నియమము. కల్యాణమున రాజు బిజ్జలుడే యైనను ఆ నియమము సడలలేదు. కులవృత్తివాడు, అందులోను నాటి లోకము క్రిందుగా చూచిన వృత్తివాడు, తన పనికి తానే షరతులు పెట్టుకొనుట ఎనిమిది వందల యేండ్ల క్రిందట ఎంత సాహసమో ఆలోచింపుడు. ఆ కథలోని ఉగ్రత మనకు అనుకరణీయము కాదు. మూట తాకినవానిని చంపుట వంటి ఘట్టములు పురాణ ధోరణిలోనివి. నియమము మాత్రము గ్రహింపదగినది.

బసవేశ్వరుని విషయము మరింత సూటిగా మనకు వర్తించును. ఆయన స్వతంత్రుడు కాడు, ఉద్యోగి. కలచుర్య బిజ్జలుని కొలువున ప్రవేశించి భాండారమును చూచు పదవికి ఎదిగెను. పగలు రాజు లెక్కలు, తరువాత మహామనెలో జంగములతో ప్రసాదము, అనుభవ గోష్ఠి. ఆ రెండవ జీవితమును ఆయన రాజు కొరకు మానుకొనలేదు. ఓర్వలేనివారు, భాండారపు ధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని రాజునకు చాడీలు చెప్పిరి. రాజు పిలిచి అడిగెను. అప్పుడు బసవేశ్వరుడేమి చేసెనో బసవపురాణము చెప్పును. కోపగింపలేదు, పాదములపై పడలేదు, తాను పొందని నేరమునకు క్షమాపణ చెప్పలేదు. లెక్కించుకొమ్మని భాండారమును తెరిపించెను. లెక్క సరిపోయెను.

చదువరులు ఈ ఘట్టమువద్ద కొంచెము ఆగవలెను. కొలువులో అపరాధ భావమునకు మందు వాదము కాదు, ఏడ్పు కాదు, లెక్క. తనకు అప్పగించిన పని ఏది, దానికి ఒప్పుకొన్న కాలమెంత, చేసినదెంత, మిగిలినదెంత? ఈ నాలుగును కాగితముపై వ్రాసి చూచుకొన్నవానికి, తన మనస్సు తనపై మోపిన నేరము నిజమైనదో కాదో ఒక గడియలో తేలిపోవును. నిజమే యైనచో, అనగా పగటివేళ సోమరిగా గడపి పని మిగిల్చినచో, దానికి పేరు పశ్చాత్తాపము. దానిని కప్పిపుచ్చక ఆ పనిని పూర్తిచేయవలసినదే. లెక్క సరిపోయియు మనస్సు కుములుచున్నచో అది పశ్చాత్తాపము కాదు, భయము. భయము ధర్మపు వేషము వేసికొని వచ్చును. ఆ వేషమును గుర్తించినచో సగము భారము దిగును.

పంచాచారములలోని భృత్యాచారమును గురించియు ఒక మాట చెప్పక తప్పదు. భృత్యుడనగా సేవకుడు గనుక, వినయముతో సేవించుటయే మన ఆచారమని చెప్పి పిల్లలను కొలువులో నోరు మూయించువారు కలరు. భృత్యాచారము శివభక్తులపట్ల, సాటి ప్రాణులపట్ల అహంకారము విడిచి మెలగుట. అది జీతమిచ్చువానికి వ్రాసియిచ్చిన బానిస పత్రము కాదు. అదే పంచాచారములలో సదాచారము కలదు. నిజాయితీ గల కాయకముచే జీవించుట అందులోనిది. గణాచారము కలదు, అన్యాయమునకు ఎదురు నిలుచు ధైర్యము దానిలోనిది. అయిదింటిలో ఒకదానిని పెంచి నాలుగింటిని త్రుంచుట ఆచారము కాదు. ఇంతకును ఇష్టలింగమును ధరించిన దేహము లింగమునకు నెలవు. దానిని నిద్రలేమితో, వేళ తప్పిన తిండితో పాడుచేయుటకు అనుమతి నిచ్చు అధికారము ఏ మేనేజరుకును లేదు, మనకును లేదు.

దేహము మాట వచ్చినది గనుక లోకజ్ఞానమును కూడ చూతము. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలిసి 2021 మే నెలలో ఒక పరిశీలనను వెలువరించినవి. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి 35–40 గంటలు పనిచేయువారికన్న పక్షవాతపు ముప్పు 35 శాతము, గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతము ఎక్కువ యని తేల్చినవి. 2016వ సంవత్సరమున దీర్ఘకాలపు పనివేళల వలన 7 లక్షల 45 వేలమంది మరణించిరని అంచనా కట్టినవి. ఇట్టి లెక్కలు ఉండగనే, 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో నొకరైన నారాయణమూర్తి యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెననిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులు సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తిరి. వారు పెద్దలు, స్వయముగా కష్టపడినవారు, వారి ఉద్దేశమును శంకింపను. కాని సంస్థ తనదైనవాని కష్టమును, నెలజీతగాని కష్టమును ఒకే త్రాసులో తూచుట నాకు సమ్మతము కాదు.

ఎనిమిది గంటల మేర సోమరుల కోరిక కాదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒడంబడికయే దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అనునది. మన దేశమున కర్మాగారముల పనివేళ వారమునకు 54 గంటలనుండి 48 గంటలకు తగ్గినది 1946 సవరణ చట్టముతో. ఆ బిల్లును తెచ్చిన నాటి కార్మిక శాఖ సభ్యుడు డాక్టర్ అంబేద్కర్. తెలంగాణ ప్రభుత్వము 2025 జూలై 5 నాటి ఉత్తర్వులో వాణిజ్య సంస్థలకు దినమునకు 10 గంటలవరకు పని చేయించుకొనుటకు అనుమతి నిచ్చెను. కాని వారమునకు 48 గంటల మేరను అట్లే యుంచెను. మించినదానికి అదనపు వేతనము ఈయవలెననెను. ఫ్రాన్సున 2017 జనవరి 1 నుండి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుండి పనివేళలు దాటిన పిమ్మట ఫోను చూడకుండుటకు ఉద్యోగికి చట్టబద్ధమైన రక్షణ కలదు. మన లోక్‌సభలో సుప్రియా సూలే ప్రవేశపెట్టిన అట్టి ప్రైవేటు బిల్లు చట్టము కాలేదు. చట్టము వచ్చువరకు నోరే సాధనము.

ఆ నోటిని ఎట్లు వాడవలెననునది అసలు చిక్కు. మన పిల్లలకు రెండే మార్గములు తోచును. ఒకటి అన్నింటికిని తలయూపి లోలోపల కుమిలిపోవుట. రెండవది నెలల తరబడి అణచుకొని ఒకనాడు పగిలిపోయి రాజీనామా విసరివేయుట. నడిమి మార్గము ముందుగా, మెల్లగా, వేళ చూచి చెప్పుట. అధికారి అర్ధరాత్రి అడిగినప్పుడు కాదు, పగటివేళ ఇరువురును నెమ్మదిగా నున్నప్పుడు చెప్పవలెను. “సార్, సిస్టమ్ ఆగిపోయిందంటే ఏ టైముకైనా ఫోన్ చెయ్యండి, ఎత్తుతాను. మిగతా మెసేజ్‌లు పొద్దున తొమ్మిదికి చూస్తాను” అనుటలో అవిధేయత ఏమున్నది? నిజమైన ఆపదకును, ఒకరి తొందరకును నడుమ గీత గీసినట్లైనది, అంతియే. ఒక పని మీద మరియొక పని పడినప్పుడు, “ఇది రేపు సాయంత్రానికి ఇస్తాను. ఈ రాత్రికే కావాలంటే ఇప్పుడు చేస్తున్నది ఆపాలి. ఏది ముందు కావాలో మీరే చెప్పండి” అన్నచో భారము మోయవలసినవాని భుజముమీదికే పోవును. చెప్పినదానిని ఆ దినముననే రెండు వాక్యములలో ఈమెయిలు పంపుట మేలు. అది తగవుకు సాక్ష్యముగా కాదు, ఇరువురి జ్ఞాపకమునకు.

ఒక హెచ్చరిక. మేర గీసినవాడు మేరకు లోపలి పనిని నిండుగా చేయవలెను. తొమ్మిదింటికి చూతునన్నవాడు తొమ్మిదింటికి చూడవలెను, తొమ్మిదిముప్పావుకు కాదు. పగటివేళ రెండు గంటలు క్యాంటీనులో గడపి, సాయంకాలము పనివేళల ధర్మమును వల్లించువాడు కాయకమును గూర్చి మాటలాడ నర్హుడు కాడు. ఇంకొకటి, కారణములు పొడిగింపరాదు. ఇంట శుభకార్యమనియు, తల్లికి జ్వరమనియు కల్లలల్లుట మన అలవాటు. లేని జ్వరమును కల్పించినవానికి మరునాడు నిజముగనే అపరాధ భావము కలుగును. అది తగినదే. “ఈ వేళ కుదరదండి” అను మాటకు కారణము అక్కరలేదు.

మొదటి రెండు మూడు సారులు చెప్పిన తరువాత గుండె కొట్టుకొనును. నిద్ర పట్టదు. దీనిని తప్పు చేసిన గుర్తుగా భావింపరాదు. ఏండ్ల తరబడి కుడిచేత వ్రాసినవాడు ఎడమచేత వ్రాయ మొదలిడినచో చేయి వణకును. అది చేతి దోషము కాదు, కొత్తదనము. కొన్ని వారములలో తగ్గును. తగ్గక, దినములు గడచినను నిద్రాహారములు లేక, జీవితము మీదనే విరక్తి పుట్టుచున్నచో అది ఇంటిపెద్దల హితోపదేశముతో తీరునది కాదు. వైద్యుని చూడవలెను. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సహాయ కేంద్రమునకు 14416 సంఖ్యపై ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. జ్వరమునకు మందు తీసికొనువాడు మనోవ్యాధికి తీసికొనుటకు సిగ్గుపడుట తగదు.

ఇన్ని చెప్పినను ఒక కఠినమైన సత్యము మిగిలియున్నది. నెలనెలా జీతములో సగము ఫ్లాటు వాయిదాకును, కారు వాయిదాకును పోవువాని నోట “కుదరదు” అను మాట వెలువడుట కష్టము. హఫీజ్‌పేట, కొండాపూరులలో ఇండ్ల ధరలు చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. అధికారి భయపెట్టుటకు ముందే బ్యాంకు భయపెట్టి యుండును. లక్కమ్మ అదనపు గింజలను తిరిగి పంపగలిగినది ఎందువలన? ఆ ఇంటికి కావలసిన కొలత చిన్నది గనుక. పెండ్లియైన ఏడాదికే మూడు పడకగదుల ఇల్లు కొనుమని పిల్లలను తొందరపెట్టు తలిదండ్రులు, ఆ గోడలతోపాటు పిల్లవాని మెడకు ఒక పలుపును కూడ కొనుచున్నారని నా అభిప్రాయము. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో నున్నవాని గొంతు వేరుగా పలుకును.

మరియొక సంగతి, చెప్పిన కొందరికి కోపము వచ్చును. మన ఇండ్లలోను యజమానులమున్నాము. ఆదివారము నాడు పనిమనిషి రాకపోయినచో ఫోనుమీద ఫోను చేయువారము మనమే. బంధువులు వచ్చిరని రెట్టింపు అంట్లు వేసి, చేతిలో ఇరువది రూపాయలు కూడ పెట్టనివారము మనమే. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పండ్రెండు గంటల కాపలా ముగించి పడుకొన్న వేళ గ్యాస్ బండ మోయుమని లేపువారము మనమే. ఆమెకు మనతో కాదనుటకు నోరు రాదు. మన పిల్లవానికి మేనేజరుతో రానట్లే. మఠములకును ఈ మాట వర్తించును. జాతర దినములలో వంటశాలలో పనిచేయువారు తెల్లవారుజామున మూడింటికి లేచి అర్ధరాత్రి వరకు నిలిచియే యుందురు. అది సేవ గదా అని మనము సరిపెట్టుకొందుము. సేవ చేయువాడు తనకై తాను అనదగిన మాట అది. చేయించుకొనువారు అనదగినది కాదు. వంటవారికి వంతులు వేసి, విశ్రాంతికి వేళ నిర్ణయించి, ఆ కాగితమును వంటశాల గోడకు అంటించిన మఠము యువకులకు కాయకమును బోధించుటకు పూర్తి అధికారము సంపాదించుకొనును.

అన్ని ప్రయత్నములు చేసినను మేరను గౌరవింపని యజమానులుందురు. అట్టివారివద్ద ఏమి చేయవలెను? బసవేశ్వరుని చరితమే దీనికిని దారి చూపును. లెక్కలకు సంబంధించిన నింద వచ్చినంతవరకు ఆయన కొలువు విడువలేదు, లెక్క చూపి నిలిచెను. బిజ్జలుడు నిరపరాధులైన భక్తుల కండ్లు తీయించినప్పుడు కల్యాణమును విడిచి కూడలి సంగమమునకు మరలిపోయెను. చిన్న బాధకు పారిపోలేదు, సహింపరాని అన్యాయమునకు ఉండిపోలేదు. కొలువు విడుచుట ఓటమి యనియు, చేయుచున్న పనిని నడుమ విడుచుట కాయక ద్రోహమనియు తలచువారు ఆ ప్రయాణమును స్మరింపవలెను.

విడుచునప్పుడును లెక్క లెక్కయే. కంప్యూటరు కొలువులలో నోటీసు కాలము సాధారణముగా రెండు మూడు నెలలుండును. నియామక పత్రములో ఆ షరతును ముందుగా చదువుకొనవలెను. వేరొక చోట కొలువు ఖాయమైన పిమ్మటనే, లిఖితపూర్వకమైన పత్రము చేతికందిన పిమ్మటనే రాజీనామా వ్రాయుట వివేకము. నోటీసు కాలములో పనిని వచ్చువానికి చక్కగా నేర్పి, ఏ దస్త్రము ఎచ్చట నున్నదో వ్రాసి పెట్టవలెను. రాజీనామా పత్రమున నిందలు వలదు, క్షమాపణలును వలదు. తేదీ, పదవి, చివరి పనిదినము, సంతకము చాలును.